పోగు లేవని ఉంగరం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్తంభాల నీడలో ఉన్న ఒక చీరల దుకాణం మొదటి అంతస్తులో, ఎడమవైపు చివరి పరుపు మీద సీతారాములు ముప్పై ఏడేళ్లుగా కూర్చుంటున్నాడు. ఈ ముప్పై ఏడేళ్లలో దుకాణం పేరు రెండుసార్లు మారింది. గోడల రంగు నాలుగుసార్లు మారింది. ఎదుటి రోడ్డును తవ్వి, పూడ్చి, మళ్లీ తవ్వి, ఇక లాభం లేదనుకుని దాని నెత్తి మీదుగా రైలు నడిపారు. సీతారాములు మాత్రం కదల్లేదు. పరుపు మీది తెల్లగుడ్డ ఎన్నోసార్లు మారింది గానీ, ఆయన కూర్చున్న చోట పడిన గుంట మొదటి నుంచీ ఒకటేనని తోటివాళ్లు చెప్తారు. కొత్తగా చేరినవాళ్లను తీసుకొచ్చి ఆ గుంట చూపిస్తారు కూడా.

ఆయన చీర విప్పడు, విసురుతాడు. ఆరు గజాలూ గాల్లోకి లేచి, కొంగు సరిగ్గా కొనవచ్చినవాళ్ల మోకాళ్ల దగ్గర వాలుతుంది. ఎవరి ఒడిలోనూ పడదు, ఎవరికీ అందనంత దూరంలోనూ పడదు. పోచంపల్లి దగ్గరి మగ్గాల ఊర్లో పుట్టిన మనిషి కనుక పోగును చూడకుండానే, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య రుద్ది, అది ఏ ఊరి నూలో చెప్పగలడు. చెప్పమని ఎవరూ అడగకపోయినా చెప్తాడు.

ఈ వృత్తిలో ఆయనకు కొన్ని సూత్రాలున్నాయి. మొదట చూపించే చీర ఎవరికీ నచ్చకూడదు. అది తర్వాత వచ్చే చీరల కోసం ప్రాణత్యాగం చేయడానికి పుట్టిన చీర. ధర అడిగినవాళ్లకు రంగు గురించి, రంగు అడిగినవాళ్లకు బార్డర్ గురించి జవాబివ్వాలి. వెంట వచ్చిన మగవాణ్ని ఫ్యాను కింద కూర్చోబెట్టాలి, లేకపోతే బేరం మధ్యలో అతను గడియారం చూసుకుంటాడు. వీటన్నిటికీ పైన, శిఖరం మీద కలశంలాగా, చెయ్యి సూత్రం ఉంది. మనిషి నోటితో ఏ చీరనైనా మెచ్చుకుంటాడు. చెయ్యికి ఆ మొహమాటం లేదు. కుప్ప అడుగున పడిపోయిన చీర అంచును వేళ్లు వెతుక్కుంటూ వెళ్లి రెండోసారి ముట్టుకున్నాయంటే, ఇక అదే వాళ్ల చీర. మిగతావి పక్కకు జరిపి దాన్ని మళ్లీ ఒకసారి విసిరితే చాలు.

ఈ సూత్రాన్ని ఆయన ముప్పై ఆరేళ్లుగా ప్రతి రాత్రీ అన్నం ముందు కూర్చుని, ఆ రోజు ఉదాహరణలతో సహా, భార్య ఇంద్రమ్మకు వివరిస్తూ వచ్చాడు. యుద్ధరహస్యాలను ఇంట్లో చెప్పకూడదన్న సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంద్రమ్మది కూడా మగ్గాల ఇల్లే. పెళ్లికి ముందు పుట్టింట్లో రంగు అద్దే ముందు పోగులకు చిటికీలు కట్టేది. డిజైను ప్రకారం పోగుల్ని అక్కడక్కడ బిగించి ముడివేసే పని అది. ఎల్‌బీ నగర్‌లో కాపురం పెట్టాక కుట్టుపని మొదలుపెట్టింది. సీతారాములు దుకాణంలో అమ్మిన పట్టుచీరల్లో సగం సాయంత్రానికి ఎల్‌బీ నగర్ చేరి, ఇంద్రమ్మ చేత ఫాల్ కుట్టించుకుని, పొద్దున్నే ఆయన సంచిలో తిరిగి దిల్‌సుఖ్‌నగర్ చేరతాయి. హయత్‌నగర్ నుంచి సైదాబాద్ దాకా ఎన్ని పెళ్లిళ్లలో ఎందరు ఆడవాళ్లు ఈ ఇద్దరి చేతుల మీదుగా వెళ్లిన చీరలు కట్టుకుని ఫొటోలు దిగారో లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. రాసి ఉంటే అదొక ఘనమైన గ్రంథమయ్యేది.

అయితే ఇంద్రమ్మ ఒక్కసారైనా ఆయన పరుపుకు ఇటువైపు, కొనేవాళ్ల చోట కూర్చోలేదు. ఆమె చీరలు సంచిలో ఇంటికొస్తాయి. "రెండు తెచ్చిన. ఒకటి ఉంచుకో, ఒకటి పొద్దుగాల మళ్ల కొంటవోత" అంటాడు సీతారాములు. వేలమంది ఆడవాళ్లకు వేల మాటలు చెప్పిన నోట, సొంత భార్య వంతుకు ఇంతే వచ్చేది.

ఇప్పుడు సీతారాములుకు అరవై నిండాయి. కూతురు ప్రసన్న, అల్లుడు సందీప్ కలిసి షష్టిపూర్తికి హయత్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. ముహూర్తం, వంటలు, పిలుపులు అన్నీ కుదిరాయి. ఉంగరాల దగ్గరికి వచ్చి ఆగింది.

"బాపూ, కపుల్ బ్యాండ్స్ అని జంటగ ఒస్తున్నయ్. మేమే తెస్తం, మీరు పరేషాన్ గావొద్దు" అంది ప్రసన్న.

"ఎవ్వలు తేవొద్దు" అంది ఇంద్రమ్మ, చేతిలోని చీర మీది నుంచి తల ఎత్తకుండానే.

ఉంగరం విషయంలో ఇంద్రమ్మకు ముప్పై ఆరేళ్ల నాటి వ్యాజ్యం ఒకటి ఉంది. వాళ్ల పెళ్లిలో, బిందె నీళ్లలో ఉంగరం వేసి వధూవరులను వెతకమనే ఆటలో, మూడుసార్లూ ఆమే గెలిచింది. గెలిచిన ఉంగరాన్ని వేలికి పెట్టుకుని బంతిలో కూర్చుంది. పప్పు అయిపోయి పులుసు వడ్డించేలోపు ఆమె మేనమామ అంతయ్య వెనక నుంచి వచ్చి, "ఆ ఉంగరం నాదే బిడ్డా, ఆట కోసమని ఇచ్చిన" అని ఎంగిలి చేతి నుంచి తీసుకెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఇంద్రమ్మ వేలికి ఇంకో ఉంగరం ఎక్కలేదు. కొనుక్కునే స్తోమత మొదట్లో లేదు. తర్వాత వచ్చినా, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"అయితే పోయి నీకు నచ్చింది నువ్వే జూసుకో" అన్నాడు సీతారాములు, ఉదారంగా.

"నేను జూసుకోను. నువ్వే జూడాలె. ఊరందరికి ఇది నీకు మంచిగుంటదమ్మా అని జెప్తవు గద. నాకు ఒక్కపారి జెప్పు. నీ నోటితోని, నీ అంతట నువ్వు. అట్ల జెప్పినదైతేనే ఏలుకు పెట్టుకుంట. లేకుంటే ఆ దినం గూడ ఉత్త చేతులతోనే పీటల మీద కూసుంట."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. ఫాల్ చివర ముడి వేసి, దారాన్ని పళ్లతో తెంపి, మామూలుగానే అంది. అందుకే సీతారాములు భయపడ్డాడు.

శుక్రవారం నాడు ఆయన సెలవు పెట్టాడు. ఈ వార్తకు దుకాణంలో రెండు నిమిషాలు పని ఆగిపోయిందని వినికిడి. దంపతులిద్దరూ ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కారు. ఇంద్రమ్మ పెళ్లికి ముందు తన చేతులతో చిటికీలు కట్టిన పోచంపల్లి పట్టుచీర కట్టుకుంది. ఎరుపు మీద తెల్ల చిలకలు. రంగు కాస్త తగ్గినా చిలకలు చెదరలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, సీతారాములు తన సొంత దుకాణం ముందు నుంచి, అజ్ఞాతవాసంలో ఉన్నవాడిలా, అటు తిరిగి నడిచాడు.

నగల దుకాణంలో ఉంగరాల కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి పేరు సుప్రియ. విజయవాడ వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో ఉంటోంది.

"రండి బాబాయిగారూ, కూర్చోండి పిన్నిగారూ. మంచినీళ్లు తాగుతారా?" అంటూ, జవాబు కోసం ఆగకుండా సీతారాములును ఏసీ గాలి తగిలే కుర్చీలో కూర్చోబెట్టింది.

సీతారాములు ఉలిక్కిపడ్డాడు. తన సూత్రమే తన మీద ప్రయోగమైంది.

సుప్రియ మొదటి ట్రే తీసింది. నాగుపాము పడగంత పువ్వుతో, మధ్యలో పచ్చరాయితో, చూసినవాళ్లకు తలనొప్పి తెప్పించే ఉంగరాలు అవి.

"ఇది ప్రాణత్యాగం ట్రే గదా" అన్నాడు సీతారాములు మెల్లగా.

"అంటే ఏమిటండీ?"

"ఏం లేదు బిడ్డా. మంచిగ జేస్తున్నవు. రెండోది తియ్యి."

రెండో ట్రే వచ్చింది, మూడోది వచ్చింది. కెంపులు, హృదయాకారాలు, ఒకదాని మీద అతని పేరు సగం, ఇంకోదాని మీద ఆమె పేరు సగం చెక్కే జంట ఉంగరాలు. సీతారాములు ప్రతి ట్రేనూ ఉపాధ్యాయుడు పరీక్ష పేపరు చూసినట్టు చూసి తల ఊపుతున్నాడు. పరిశీలిస్తున్నది మాత్రం ఉంగరాలను కాదు, వాటిని చూపించే పద్ధతిని. కాసేపటికి తాను వచ్చిన పని గుర్తొచ్చి, చెయ్యి సూత్రాన్ని బయటికి తీశాడు. ఇంద్రమ్మ వేళ్లు దేని దగ్గరికి రెండోసారి వెళ్తాయో చూసి, దాన్నే చూపించి, ఇది నీకు బాగుంటది అనేస్తే పని అయిపోయినట్టే.

ఇంద్రమ్మ చేతులు కనిపించలేదు. రెండు చేతులనూ కొంగులో చుట్టి, ఒడిలో పెట్టుకుని, చలికాలంలో బస్సు కోసం కూర్చున్నదానిలా కూర్చుంది.

"జర చేతులతోని ముట్టి జూడు" అన్నాడు సీతారాములు.

"ఎందుకు? నా చెయ్యి యాడికి పోతదో జూసి, గదే జూపిద్దామనా? ముప్పై ఆరేండ్ల సంది రోజు జెప్తవు. నాకు తెల్వదా?"

సుప్రియ నవ్వు ఆపుకోవడానికి నాలుగో ట్రే కోసం కిందికి వంగింది.

ఆయుధం పోగొట్టుకున్న సీతారాములుకు మాటలొక్కటే మిగిలాయి. కెంపుల ఉంగరం ఒకటి పైకెత్తి, గొంతు సవరించుకుని, అలవాటైన రాగంలో, "చూడండమ్మా, ఇది అందరికి నప్పేది కాదు, మీలాంటోళ్ల చేతికే అందం, చూస్తే డబ్బులడగం తల్లీ..." అనేశాడు.

ఇంద్రమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నేను నీకు ఎప్పుడు తల్లినైన?" అంది ఇంద్రమ్మ.

"నోరు జారింది."

"నోరు జారలే. దుకాణం తెరుసుకుంది."

ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికి సీతారాములు పక్కకు తిరిగాడు. పక్క కుర్చీల్లో ఒక జంట ఉంది. వచ్చే నెల నిశ్చితార్థం. అమ్మాయి సుష్మిత రెండు ట్రేల మధ్య కళ్లనిండా నీళ్లతో ఉంది. అబ్బాయి గౌతమ్ ఫోన్‌లో తల దూర్చి, "ఏదోటి తీస్కో" అంటున్నాడు.

"ఏదోటి అంటవేంది? ఇద్దరికి జోడీ గావాలె. నాకొక్కదానికేనా పెండ్లి?"

సీతారాములు చూశాడు. అబ్బాయి ఫోన్ స్క్రీన్ నల్లగా ఉంది. అందులో అతను చూస్తున్నది ఏమీ లేదు. ఎడమచేతిని కుర్చీ కింద దాచుకున్నాడు. వేళ్లు లావు. వేలి కొలత చూసే సైజు ఉంగరాల గుత్తిలో పెద్దది కూడా ఎక్కక అవమానం పడ్డాడని తెలుసుకోవడానికి ముప్పై ఏడేళ్ల అనుభవానికి ఒక్క క్షణం పట్టింది. అమ్మాయి వేళ్లు ఈలోపు కిందివరసలోని సన్నని ఆకు డిజైను ఉంగరం దగ్గరికి వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాయి.

సీతారాములు కుర్చీ జరిపాడు. సుప్రియ చెవిలో, "ఆ పిలగానికి పెద్ద సైజు గుత్తి బల్ల కింద నుంచి అందియ్యి. అందరి ముంగట తియ్యకు" అన్నాడు. తర్వాత అబ్బాయితో, "తమ్మీ, నీది పనిజేసే చెయ్యి. సన్నది పెడితే ఉంగరానికి ఇజ్జత్ ఉండదు, వెడల్పుది గావాలె" అని, ఆకు డిజైనులోనే వెడల్పుది తీయించి, మొదట దానికంటే అన్యాయంగా ఉన్నది ఒకటి చూపించి, అబ్బాయి మొహం చిట్లించగానే దాన్ని మాయం చేసి, అసలుదాన్ని వెలుతురులో తిప్పి, అమ్మాయి అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అబ్బాయి వేలికి తొడిగింది. పట్టింది. పది నిమిషాల్లో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు ఫొటో తీసుకుంటున్నారు.

"బాబాయిగారూ, మీరు ఏ బ్రాంచిలో చేస్తారండీ?" అని అడిగింది సుప్రియ, నిజమైన గౌరవంతో. మేనేజర్ టీ పంపించాడు.

టీ కప్పుతో తిరిగి చూస్తే, ఇంద్రమ్మ ఆయన్నే చూస్తోంది. కొంగులోని చేతులు కొంగులోనే ఉన్నాయి గానీ, మొహం మారిపోయింది. ముప్పై ఆరేళ్లుగా అన్నం ముందు విన్న పురాణంలో సగం కల్పితమని ఆమె నమ్మకం. ఇప్పుడు కళ్లారా చూసింది.

"గింత మంచిగ జేస్తవని నాకు తెల్వది" అంది.

"రోజు జెప్తనే ఉన్న గద."

"జెప్తే ఎవరు నమ్ముతరు? జూస్తే గద." గొంతు తగ్గించి, "గా పిల్ల మొకం జూసినవా? ఆ పిలగాడు ఎందుకు చెయ్యి దాసుకున్నడో గూడ జూసినవు. నా చెయ్యి ఎప్పుడన్న గట్ల జూసినవా?" అంది.

సీతారాములు టీ కింద పెట్టాడు. రంగు అడిగితే బార్డర్ గురించి చెప్పడం ఇక్కడ పనికిరాదు.

"ఏది, ఇటియ్యి" అన్నాడు, చెయ్యి చాపి.

"ఉంగరాల మీద పెట్టను."

"ఉంగరాల మీద గాదు. నా చేతుల."

ఇంద్రమ్మ కొంగు విప్పి కుడిచెయ్యి ఇచ్చింది. సీతారాములు దాన్ని కౌంటర్ లైటు కిందికి తీసుకున్నాడు. చూపుడువేలి మీద అడ్డంగా ఒక సన్నని గాడి. చిన్నప్పుడు చిటికీలు బిగించి బిగించి పడినది, ఇంకా పూడలేదు. చివర్ల నిండా సూది పొడుచుకున్న చుక్కలు. ఉంగరం వేలి కణుపు ఉబ్బి ఉంది. ఆ కణుపు ఎప్పుడు ఉబ్బిందో ఆయనకు తెలియదు. వేలాది చీరలు ఈ చేతికి ఇచ్చి, ఈ చేతి నుంచి తీసుకున్నాడు గానీ, ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఆయన చూపు చీర మీదే ఉండేది.

ఆ కణుపును బొటనవేలితో ఒకసారి రుద్ది చూశాడు.

"నీ కొంగు ఇటియ్యి" అన్నాడు చివరికి. కెంపుల ఉంగరాన్ని తన చిటికెనవేలికి పెట్టుకుని, కొంగు చివరన మెల్లగా రాశాడు. రాయిని పట్టుకున్న కొక్కెం తగిలి, తెల్ల చిలక రెక్క మీద ఒక పోగు లేచింది.

"అయ్యో, పట్టుచీరండీ!" అంది సుప్రియ.

ఇంద్రమ్మ కంగారు పడలేదు. మంగళసూత్రానికి ఎప్పుడూ గుచ్చి ఉండే సూది తీసి, లేచిన పోగును రెండు కదలికల్లో వెనకవైపుకు లాగి, వేలితో సర్దేసింది. చిలక రెక్క మళ్లీ చిలక రెక్కే అయింది. అమ్మకంలో నిపుణురాలైన సుప్రియకు ఆ కుటుంబంలో ఇద్దరు పనివాళ్లున్నారని అప్పుడర్థమైంది.

"జూసినవా" అన్నాడు సీతారాములు. "ఈ చెయ్యి రోజు పట్టు మీదనే ఉంటది. రాళ్లు పెడితే రోజుకొక పోగు లేస్తది. పువ్వులున్నది పెడితే దారం సుట్టుకుంటది. గప్పుడు నువ్వు ఉంగరం తీసి డబ్బాల పెడ్తవు. ఆరు నెలలకొకసారి తీసి జూసుకుంటవు. గది ఉంగరం గాదు." సుప్రియ వైపు తిరిగాడు. "బిడ్డా, కింది అరల సాదావి ఉంటయ్ గద. ఏం నగిషీ లేనివి. మీరెవ్వరికీ చూపియ్యరు."

"అవి ఎవరూ అడగరండీ."

"నేనడుగుతున్న."

సాదా ఉంగరాలు వచ్చాయి. సీతారాములు ఒక్కొక్కటీ తీసుకుని, అంచు లోపలివైపు వేలితో రుద్ది చూశాడు. పోగును చూసే పద్ధతిలోనే. ఏడింటిని పక్కన పెట్టాడు. ఎనిమిదోది, అంచులు గుండ్రంగా అరిగినట్టుండే మధ్యరకం వెడల్పుది, కొంగు మీద అటూ ఇటూ రాశాడు. చిలకల మీద నుంచి, మెడల మీద నుంచి, రెక్కల మీద నుంచి అది నీటి మీద జారినట్టు జారింది. ఒక్క పోగు లేవలేదు.

ఆయన దాన్ని పట్టుకుని భార్య వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. వేలమంది ముందు అలవోకగా అనే మాటను, ఒక్క మనిషి ముందు ఒక్కో ముక్కగా కూడగట్టుకుని అన్నాడు.

"ఇది... నీకు మంచిగుంటది, ఇంద్రా."

రాగం లేదు. తల్లీ లేదు. డబ్బులడగం లేదు. ఇంద్రమ్మ తల ఓ పక్కకు వంచి వింది.

"మళ్లొకసారి అను."

"మంచిగుంటదని అంటున్న గద!"

ఆమె చెయ్యి చాపింది. కణుపు దగ్గర కాస్త ఆగి, సుప్రియ ఇచ్చిన సబ్బునీళ్లతో ఉంగరం ఎక్కింది. ఇంద్రమ్మ వేళ్లు ముడిచి, విప్పి, తన కొంగునంతా ఆ చేత్తో ఒకసారి నిమిరి చూసుకుంది. తర్వాత, కొన్నవాళ్లు అడగకుండానే ఇంకో వస్తువు తీసే అమ్మకందారు ధీమాతో, ఇంకా ట్రేలో మిగిలినవాటిలోంచి అదే రకం పెద్ద సైజుది ఒకటి తీసి సీతారాములు వేలికి తొడిగింది.

"నీకు గిదే. నువ్వు గూడ పొద్దంత పట్టుచీరలు ఇసిరెటోనివే గద."

అలా, కపుల్ బ్యాండ్స్ అనే పేరు లేకుండానే, అవి జంట ఉంగరాలయ్యాయి. సుప్రియ వాటిని హృదయం ఆకారం డబ్బాలో పెట్టి ఇవ్వబోతే, ఇంద్రమ్మ వద్దంది. పెట్టుకునే వెళ్తానంది. షష్టిపూర్తి దాకా ఆగాలి కదా అని సీతారాములు శాస్త్రం ఎత్తబోయాడు. "ముప్పై ఆరేండ్లు ఆగిన" అని ఆమె మెట్లు దిగింది.

తిరుగు ప్రయాణంలో సీతారాములు తన దుకాణం ముందు తల తిప్పుకోలేదు. పైగా ఆమెను మొదటి అంతస్తుకు తీసుకెళ్లి, లోపలివాళ్లందరికీ ఇంద్రమ్మను, ఆమె చేతిని, అందులోని ఉంగరాన్ని, అది ఎందుకు సాదాగా ఉందో దాని వెనకున్న సిద్ధాంతాన్ని చూపించి వివరించాడు. ఇంద్రమ్మ ఆ పరుపు మీది గుంటను వంగి చూసి, "గీ గుంటేనా" అంది, తీర్థం చూసినంత శ్రద్ధగా.

షష్టిపూర్తి నాడు బిందె ఆట కూడా పెట్టారు. ఇంద్రమ్మ తన ఉంగరాన్ని తీసి తనే నీళ్లలో వేసింది. మూడుసార్లూ మళ్లీ ఆమే గెలిచింది. కావాలని ఓడిపోయానని సీతారాములు ఆ తర్వాత దుకాణంలో చెప్పుకున్నాడు. ఆ కథనాన్ని బలపరిచే సాక్షులెవరూ ఇంతవరకు ముందుకు రాలేదు.

మొదటి వరస కుర్చీలో మేనమామ అంతయ్య కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. కర్ర పట్టుకుని మాత్రమే లేస్తాడు. ఇంద్రమ్మ తడిచెయ్యి తుడుచుకుని, ఉంగరం పెట్టుకుని, నేరుగా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"మామా, ఆ దినం నువ్వు గుంజుకపోయిన ఉంగరం ఏం జేసినవు?"

అంతయ్య ఆలోచించాడు. "దాన్ని అమ్మి బర్రెను గొన్న బిడ్డా."

"బర్రె మంచిగ పాలిచ్చిందా?"

"అబ్బో. ఆరేండ్లు ఇచ్చింది. మీ అత్త దాన్ని నెత్తిన వెట్టుకున్నది."

"అయితె పోనీయ్" అంది ఇంద్రమ్మ. ముప్పై ఆరేళ్ల వ్యాజ్యం ఆ మాటతో కొట్టివేయబడింది. ఆమె చెయ్యి ముందుకు చాపి, వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "ఇది జూడు. ఎవ్వలిది గాదు, నాదే. ఇది నాకు మంచిగుంటదని మా ఆయనే జెప్పిండు."

అంతయ్య వేళ్లు చాపి ఉంగరాన్ని ముట్టుకుని చూశాడు. ఒకసారి వేళ్లు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ముట్టుకున్నాడు.

పీటల మీది నుంచి అది గమనించిన సీతారాములు గబగబా లేవబోయాడు. "ఇంద్రా! చెయ్యి ఎన్కకు తీస్కో! రెండోసారి ముట్టిండు!"